పాత తారు పోతేపోనీ అనుకోకండి



మన పల్లెల్లో తారు రోడ్డు పాడైతే రెండు పనుల్లో ఏదో ఒకటి జరుగుతుంది. పాత రోడ్డు మీదే కొత్త పొర పరుస్తారు. లేదా పాత పొర తవ్వి, ట్రాక్టర్లకెత్తి, ఏ వాగు గట్టునో పోసి వస్తారు. మొదటి పద్ధతి ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు, రోడ్డు వారన ఉన్న పాత ఇళ్ళ అరుగులు చూస్తే చాలు. ఒకప్పుడు రెండు మెట్లెక్కి పోవలసిన గడపకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతున్నాం. వాన పడిందంటే రోడ్డు మీది నీళ్ళన్నీ వసారాలోకే. రెండో పద్ధతిలో ఆ బాధ లేదు గానీ, అందులో పోయే డబ్బు ఎవరి కంటికీ కనపడదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ కనపడని డబ్బు గురించీ, దాన్ని కాపాడే దారి వెతుకుతూ ప్రయోగశాలల్లో ఏళ్ళు గడిపిన ప్రొఫెసర్ల గురించీ.

ముందు లెక్క వేద్దాం. మన పశ్చిమ ప్రకాశంలోని పెద్దారవీడు మండలంలో ఏ ఊరికైనా పోయే ఒక వరస రోడ్డు, ఒక కిలోమీటరు తీసుకోండి. వెడల్పు 3.75 మీటర్లు. మీద ఉన్న తారు పొర 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల మందం. గుణిస్తే 187 ఘనమీటర్ల చిల్లర. గట్టిగా తొక్కిన తారు కంకర ఘనమీటరు సుమారు 2.3 టన్నులు తూగుతుంది కాబట్టి మొత్తం 430 టన్నులు. అందులో తారు నూటికి నాలుగున్నర పాళ్ళే అనుకున్నా 19 టన్నుల పైచిలుకు. టన్ను 40 వేల రూపాయలకే దొరికిందనుకున్నా ఏడున్నర లక్షలు దాటిపోయింది. మిగిలిన 410 టన్నులు కంకర. ఆ కంకర ఊరికే రాలేదు. కొండ పేల్చి, క్రషర్‌లో పగలగొట్టి, జల్లెడ పట్టి, తారు కలిపే ప్లాంటుకి మోసి, 150 డిగ్రీల పైన కాల్చి తెచ్చింది.

ఇది ఒక్క కిలోమీటరు లెక్క. దేశం మొత్తం మీద ఏటా వాడే తారు 80 లక్షల టన్నుల పైమాటే. అందులో బోలెడంత గల్ఫ్ వైపు నుంచి ఓడల్లో వస్తుంది. ఇక్కడి రిఫైనరీల్లో తయారయ్యేది కూడా చాలావరకు బయటి దేశాల ముడిచమురు కాచగా అడుగున మిగిలిందే. అంటే వాగు గట్టున పోసింది డాలర్లు పెట్టి కొన్న సరుకన్నమాట.

ఇంత సరుకును వదిలేయడానికి మనం చెప్పుకునే కారణం ఒకటే: తారు చచ్చిపోయింది అని. రోడ్డు పని చేసే మేస్త్రీలు కూడా ఇదే మాట అంటారు. అందులో సగం నిజం ఉంది.

తారులో నూనెలాంటి మెత్తని భాగం ఒకటి, అస్ఫాల్టీన్లు అనే గట్టి భాగం ఒకటి కలిసి ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ తగిలే కొద్దీ మెత్తని భాగం తగ్గుతూ గట్టి భాగం పెరుగుతుంది. ఈ ముదరడం రోడ్డు మీద మొదలయ్యేది కాదు. ప్లాంటులో కాలుతున్న కంకర చుట్టూ తారు పల్చని పొరగా పట్టుకున్న ఆ నిమిషంలోనే చాలా భాగం జరిగిపోతుంది. ఆ తర్వాత ఎండ, గాలి ఏళ్ళ తరబడి నెమ్మదిగా పని కానిస్తాయి. బెల్లం పాకం పట్టే ఇల్లాలికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. లేతపాకం సాగుతుంది, ముదురుపాకం కంచంలో వేస్తే టంగుమంటుంది, వంచితే విరుగుతుంది. పాత రోడ్డు మీద మొసలి వీపులాగా పరుచుకునే పగుళ్ళలో ఈ ముదురుకీ వాటా ఉంది.

దీన్ని కొలిచే పద్ధతి చాలా సాదా. 25 డిగ్రీల వేడిలో ఉంచిన తారు మీద 100 గ్రాముల బరువుతో ఒక సూదిని 5 సెకన్లు వదులుతారు. అది ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల్లో చూస్తారు. మనదేశంలో 80/100 తారు, 60/70 తారు అని చాలాకాలం పిలిచింది ఈ సూది లెక్కనే. కొత్తప్పుడు 60 దిగిన సూది, ఏళ్ళ తరబడి ఎండకు కాగిన తారులో 20 దిగితే గొప్ప. 2006 నుంచి మన ప్రమాణాల్లో సూది లెక్క పోయి జిగట లెక్క వచ్చింది. వీజీ-10, వీజీ-30, వీజీ-40 అంటున్నవి అవే. ఆ జిగటను 60 డిగ్రీల దగ్గర కొలుస్తారు. వీజీ-30 అయితే 2,400 పాయిజులకు తగ్గకూడదు.

60 డిగ్రీలే ఎందుకంటే, నడివేసవిలో మార్కాపురం, గిద్దలూరు పక్క రోడ్డు పైపొర మీద చెయ్యి పెట్టి చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలి వేడి 43 ఉన్న రోజు నల్లటి రోడ్డు 60 దాటుతుంది. మిశ్రమం బలం చూసే మార్షల్ పరీక్ష కూడా 60 డిగ్రీల నీళ్ళలో నానబెట్టిన దిమ్మ మీదే చేస్తారు. అమెరికాలో మిసిసిపి రాష్ట్ర రోడ్ల శాఖలో పనిచేసిన బ్రూస్ మార్షల్ రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు మొదలుపెట్టిన పద్ధతి అది. యుద్ధంలో బరువైన విమానాలు దిగే రన్‌వేల కోసం సైన్యపు ఇంజనీర్లు దాన్ని సానబెట్టారు. 1,200 గ్రాముల మిశ్రమం, నాలుగంగుళాల అచ్చు, పెద్ద రోడ్లకైతే రెండు వైపులా 75 దెబ్బలు. మన జాతీయ రహదారుల నాణ్యతను ఇవాళ్టికీ తేల్చేది ఆ దెబ్బలే.

సరే, పాత తారు ముదిరింది. ముదిరినదాన్ని కొత్త తారులో కలిపితే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద ఇంజనీర్లు చాలాకాలం రెండు వర్గాలుగా వాదించుకున్నారు. పాత తారు కంకరకు అంటుకుని అలాగే ఉండిపోతుంది, కొత్త తారుతో కలవదు, దాన్ని ఉట్టి నల్లరాయి కిందే జమ కట్టాలి అన్నది ఒక వాదం. వేడికి కరిగి పూర్తిగా కలిసిపోతుంది అన్నది రెండోది. 2001లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన నివేదిక ఈ తగువును చాలావరకు తీర్చింది. పాత తారు నల్లరాయిలా పడి ఉండదు, చాలావరకు కలుస్తుంది. పాత ముక్కలు నూటికి 15 లోపు వేస్తే కొత్త తారు రకం మార్చనక్కర్లేదు. 15 నుంచి 25 దాకా వేస్తే ఒక మెట్టు మెత్తని తారు వాడాలి. అది దాటితే పాత తారును విడిగా తీసి పరీక్షించి, లెక్క కట్టి కలపాలి. 1973 చమురు సంక్షోభంలో తారు ధర మండిపోయినప్పుడు అమెరికా రోడ్ల వాళ్ళు గత్యంతరం లేక ఈ దారి పట్టారు. ఇప్పుడు అక్కడ పరిచే కొత్త తారు మిశ్రమంలో సగటున అయిదో వంతు పాత రోడ్డే. జపాన్‌లో దాదాపు సగం.

మనదేశంలో ఈ పని ప్రయోగశాల దాటి రావడానికి ఆలస్యమైంది. అందుకు ఒక న్యాయమైన కారణం ఉంది. పాత రోడ్డును పైపొర వరకే శుభ్రంగా గీకి తీసే మిల్లింగ్ మిషన్లు మన దగ్గర తక్కువ. జేసీబీతో పెకలిస్తే తారు ముక్కతో పాటు మట్టీ, గ్రావెలూ కలిసి వస్తాయి. అలాంటి సరుకును వేడి మిశ్రమంలో కలిపి పైపొరగా వేయడం ప్రమాదమే. మరి దాన్ని ఎక్కడ వాడాలి అన్న ప్రశ్న పట్టుకున్నవాళ్ళలో ఐఐటీ హైదరాబాద్ సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ శిరీష్ సరిదే ఒకరు. ఆయనదీ, ఆయన విద్యార్థులదీ సమాధానం: పైన వద్దు, కింద వాడండి.

రోడ్డు కోసి చూస్తే పైన తారు, దాని కింద కంకర పొర, దాని కింద గ్రావెల్ పొర, అట్టడుగున మన నేల. పైన కనిపించే తారుది వాననీరు ఆపే పని, చక్రానికి నున్నటి దారి ఇచ్చే పని. బరువు మోసేది ముఖ్యంగా కంకర పొర. పాత తారు ముక్కల్ని ఉత్తగా ఆ కంకర పొర స్థానంలో పరిస్తే ఇబ్బందేమిటంటే, ముక్కల చుట్టూ తారు ఉండటం వల్ల ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. ఎండ వేడికి మెల్లగా జారతాయి. సందులు నింపే సన్న పొడి కూడా వాటిలో తక్కువ. హైదరాబాద్ బృందం ఆ సందుల్లోకి థర్మల్ కేంద్రాల బూడిద పంపించింది. పాత ముక్కలు 60 నుంచి 80 పాళ్ళు, మిగతాది కొత్త కంకర, దానికి బూడిద. కొన్ని రకాల బూడిద తనంతట తాను గట్టిపడదు. అలాంటిచోట కాస్టిక్ సోడా, సోడియం సిలికేటు లాంటి క్షారాలతో దాన్ని మేల్కొలిపి, సిమెంటు అక్కర లేకుండా బిగుసుకునేలా చేశారు.

బలం వస్తే సరిపోదు, అది నిలవాలి. ఇలాంటి పొరల ఓర్పు చూడటానికి ఒక మొండి పరీక్ష ఉంది. దిమ్మను 5 గంటలు నీళ్ళలో నానబెడతారు, తర్వాత 42 గంటలు 71 డిగ్రీల పొయ్యిలో ఎండబెడతారు. ఇలా 12 సార్లు. చివరికి ఎంత బరువు రాలిపోయిందో చూస్తారు. ఆషాఢం వానకూ రోహిణి ఎండకూ మధ్య నలిగే మన రోడ్డు పడే పాట్లనే ఆ పొయ్యి కొన్ని వారాల్లో చూపిస్తుంది. క్షారం కలిపిన బూడిదతో బిగించిన పాత తారు ముక్కల మీద కూడా ఈ తడి, పొడి పరీక్షలు జరిగాయి. కంకర పొరకు పనికొచ్చే మేలి సరుకేనని తేలింది. ఇంకో సంగతి. బూడిద మనకు దూరం కాదు. ఒక పక్క ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం, ఇంకో పక్క ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు కేంద్రం. రవాణా ఖర్చు చూసుకోవలసిందే గానీ, కంకర మాత్రం ఊరికే వస్తోందా?

ఈ కథలో మనకు ఇంకా దగ్గరగా తగిలే అధ్యాయం అమెరికాలోని టెక్సాస్‌లో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, మద్రాసు ఐఐటీ మీదుగా అమెరికా వెళ్ళిన ఆనంద్ పుప్పాల ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. ఇప్పుడు టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. పుప్పాల, శిరీష్ సరిదే, అక్కడి రోడ్ల శాఖ ఇంజనీరు విలియమీ, ఈ ముగ్గురూ కలిసి 2012లో అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. సున్నపురాయి క్వారీల్లో మిగిలిపోయే పొడినీ, పాత తారు ముక్కల్నీ కొద్దిపాటి సిమెంటుతో బిగించి రోడ్డు అడుగు పొరలుగా వాడవచ్చా అన్నది అందులో విషయం. ప్రయోగశాలతో ఆగకుండా నిజమైన రోడ్డు కింద పరిచి, లోపల పరికరాలు పెట్టి, కుంగుబాటు ఎంతుందో నెలల తరబడి చూశారు. రెండు సరుకులూ పనికొచ్చాయి.

క్వారీల్లో మిగిలిపోయే పొడి అనగానే మార్కాపురం వాళ్ళ చూపు ఎటు తిరుగుతుందో నాకు తెలుసు.

పలకల క్వారీల చుట్టూ గుట్టలు గుట్టలుగా పడి ఉన్న వ్యర్థం మన పశ్చిమ ప్రకాశం పాత బరువు. తవ్విన రాయిలో పలకగా చీలేది కొంతే. మిగతాదంతా ముక్కలు, పెచ్చులు, పొడి. బడిపిల్లల చేతుల్లోంచి పలక పోయాక గోడలకూ, నేలకూ, కప్పులకూ వేసే రాయిగా ఎగుమతులు నడిచాయి గానీ గుట్టలు మాత్రం కరగలేదు. ఈ గుట్టల్ని రోడ్లలో వేసేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నేను మాత్రం అంత తొందరపడను.

పలక రాయి పుట్టుకే చదునుగా చీలడం. రోడ్డు కంకరకి కావలసింది అన్ని వైపులా సమానంగా ఉండే ముక్క. చదును ముక్క రోలరు కింద పడితే విరుగుతుంది. విరిగిన చోట తారు అంటని కొత్త ముఖం బయటపడుతుంది. అక్కడి నుంచి నీళ్ళు చేరతాయి. అందుకే తారు మిశ్రమాల్లో చదును, పొడుగు ముక్కలు కలిపి నూటికి 35 దాటకూడదని మన రహదారుల మంత్రిత్వ శాఖ నియమం. ఇక దెబ్బ పరీక్ష ఉంది. సుమారు 14 కిలోల సుత్తిని 38 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 15 సార్లు వదిలి, ఎంత పొడి రాలిందో చూస్తారు. పైపొర తారు కాంక్రీటుకైతే ఆ పొడి నూటికి 24 మించకూడదు. పలక పెచ్చు ఈ రెండు పరీక్షల ముందు తడబడే అవకాశమే ఎక్కువ. కాబట్టి పైపొరలో కంకరగా నేను దాని పేరెత్తను. పొడి సంగతి వేరు. టెక్సాస్‌లో సున్నపురాయి పొడికి అడుగు పొరలో దొరికిన చోటు ఇక్కడ పలక పొడికి, బూడిదకో సిమెంటుకో తోడుగా, దొరుకుతుందేమో పరీక్షించి చూడవలసిన సంగతి. మార్కాపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు ఏటా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకని హైదరాబాద్‌లో అచ్చేసిన పాత రిపోర్టులు వెతుక్కుంటారు. ఇంటి ముందే ఇంత ప్రశ్న పడి ఉండగా ఆ అవసరం ఏమిటో!

అడుగు పొర గురించి ఇంతగా చెప్పడానికి మన నేల కూడా కారణం. పశ్చిమ ప్రకాశంలో ఎర్రనేలలున్నాయి, మధ్య మధ్య నల్లరేగడి ఉంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దాని బలం చూడాలంటే నాలుగు రోజులు నీళ్ళలో నానేసి, 50 మిల్లీమీటర్ల కడ్డీ దించి కొలుస్తారు. సీబీఆర్ అని ఇంజనీర్లు అనేది దాన్నే. రేగడికి అది 2 శాతం వస్తే అదే పదివేలు. కాస్త పెద్ద రోడ్లకు 5 శాతం కన్నా తక్కువ నేల పనికిరాదని మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం చెబుతుంది. అలాంటి చోట సున్నం కలిపి రేగడిని మచ్చిక చేసుకుంటారు. పుప్పాల జీవితకాలపు పనిలో పెద్ద భాగం ఈ ఉబ్బే నేలల మీదే. మట్టిలో సల్ఫేట్లు ఉన్నచోట సున్నం కలిపితే ఎట్రింజైట్ అనే స్ఫటికాలు పుట్టి, బాగుచేయబోయిన నేలే ఇంకా ఎక్కువ ఉబ్బుతుందని ఆయన చాలా చోట్ల చూపించారు. సున్నం వేసేముందు మట్టి పరీక్ష తప్పదన్న మాట. అడుగు ఇలా కదులుతుంటే మీద తారు ఎంత మంచిదైనా ఏం లాభం.

అడుగున నేల సంగతి ఇదైతే, పైన బరువు సంగతి ఇంకోటి. 565 నంబరు జాతీయ రహదారి మార్కాపురం మీదుగా పోతుంది. గిద్దలూరు, కంభం మీదుగా తోకపల్లి, వినుకొండ వైపు 544డి. వీటి మీద మిర్చి లోడుల లారీలు, ఇసుక టిప్పర్లు. లోపలి రోడ్ల మీద కంకర బండ్లు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో సైనికుల చేత లారీలను రాత్రింబవళ్ళు తిప్పించి ఒక పెద్ద ప్రయోగం చేశారు. దాని నుంచి తేలిన సూత్రం ఇవాళ్టికీ రోడ్డు లెక్కలకు ఆధారం. ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు మీద 10.2 టన్నులు మోయాల్సిన బండి 15 టన్నులు మోస్తే నష్టం ఒకటిన్నర రెట్లు అనుకుంటాం. నిజానికి నాలుగున్నర రెట్లు దాటుతుంది. 2018లో మన ప్రభుత్వమే నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. లారీ యజమానులకు ఊరట. అదే సూత్రం ప్రకారం రోడ్డుకు మాత్రం 1.6 రెట్ల భారం. ఆ నిర్ణయం తీసుకున్న రోజున మన పల్లె రోడ్ల మందం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు.

ఈ లెక్కలన్నీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకంలోకి ఎక్కించడంలో ఖరగ్‌పూర్ ఐఐటీ పాత్ర పెద్దది. బి.బి. పాండే, కె. సుధాకర్ రెడ్డి, ఎం. అమరనాథ రెడ్డి లాంటి ప్రొఫెసర్లు అక్కడ దశాబ్దాల పాటు ఈ రంగంలో పనిచేశారు. అక్కడ తయారైన ఐఐటీపేవ్ అనే సాఫ్ట్‌వేర్‌తోనే ఇవాళ మన రోడ్ల మందం లెక్క కడుతున్నారు. అదే పుస్తకం, ఐఆర్‌సీ 37, 2012 నుంచి తారు ఎమల్షన్‌తో గానీ నురగ తారుతో గానీ బిగించిన పాత తారు ముక్కల్ని అడుగు పొరగా ఒప్పుకుంది. నురగ తారు ముచ్చట కూడా ఒక ప్రొఫెసరుదే. కాలుతున్న తారులోకి కొద్దిగా నీళ్ళు కొడితే అది ఒక్కసారిగా పొంగి పది, ఇరవై రెట్లు ఉబ్బుతుంది. ఆ క్షణంలో తడి కంకరకు కూడా పట్టుకుంటుంది. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో లాడిస్ చాన్యి 1950లలో ఆవిరితో మొదలుపెట్టిన చిట్కాకు ఇది మారు రూపం. 2015లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాత తారు రోడ్ల పునర్వినియోగానికని ప్రత్యేకంగా 120 నంబరు పుస్తకం కూడా తెచ్చింది. నియమం లేక ఆగిందని అనుకోవడానికి లేదు.

ప్లాస్టిక్ రోడ్ల సంగతేమిటని మీరు అడగవచ్చు. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ రసాయనశాస్త్ర ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ వేడి కంకర మీద ప్లాస్టిక్ తురుము పూసే పద్ధతి చూపించారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. నీళ్ళకు తారు ఊడకుండా ఆ పూత సాయపడుతుంది. మంచిదే. కానీ ప్లాస్టిక్ గురించి వచ్చినన్ని వార్తల్లో పదో వంతు కూడా పాత తారు గురించి రాలేదు. టన్నుల్లో చూస్తే ఆదా అంతా పాత తారు దగ్గరే ఉంది.

ఇక మన ఊరి స్థాయిలో ఏం చేయగలం? ఉత్తరప్రదేశ్‌లో గ్రామ సడక్ యోజన రోడ్లను ఒక పెద్ద యంత్రంతో ఉన్నచోటే అడుగు లోతు దాకా నలగ్గొట్టి, సిమెంటు కలిపి, అక్కడికక్కడే తొక్కించేస్తున్నారు. కొత్త కంకర మోసే పని చాలావరకు తప్పుతుంది, రోడ్డు ఎత్తూ పెరగదు. ఆ యంత్రం ఖరీదైనది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల పనికి రాదు. నాలుగైదు ఊళ్ళ రోడ్లు ఒకే ప్యాకేజీగా కడితేనే గిట్టుబాటు. మండల స్థాయిలో అడగవలసింది ఇదే.

యంత్రం రాకపోయినా ఒక పని వెంటనే చేయవచ్చు. తవ్విన పాత తారు ముక్కల్ని వాగులో పోయకుండా ఒకచోట పోగు చేయించండి. పెద్ద పెళ్ళల్ని పగలగొట్టించండి. రోడ్డు బెర్ములకు, పొలం దారి రోడ్డెక్కే చోటికి, బడి ముందరి ఆవరణకు, పశువుల ఆసుపత్రి వాకిలికి అర జానెడు మందాన పరిపించి రోలరు తొక్కిస్తే చాలు. ఎండాకాలం మధ్యాహ్నం తొక్కించాలి. ఉన్న ముదురు తారే ఆ వేడికి కాస్త మెత్తబడి పట్టుకుంటుంది. గ్రావెల్ లాగా మొదటి వానకు కొట్టుకుపోదు, దుమ్ము కూడా లేవదు. బెర్ము గట్టిగా ఉంటే తారు అంచు విరగదు. మన ఒక వరస రోడ్లు అంచుల నుంచే తినేయబడతాయన్నది సైకిలు తొక్కే పిల్లవాడికి కూడా తెలుసు.

అసలు అడ్డం ఇంజనీరింగ్‌ది కాదని నా అభిప్రాయం. పని అంచనా రాసేటప్పుడు కొత్త కంకరకు ధర ఉంటుంది, కొత్త తారుకు ధర ఉంటుంది, పాతది తవ్వి పారబోయడానికి కూడా కూలీ ఉంటుంది. పాత సరుకు విలువకు మాత్రం చాలా అంచనాల్లో గడి ఉండదు. గడి లేని దాన్ని అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) ఎందుకు కొలుస్తాడు, కాంట్రాక్టరు ఎందుకు దాస్తాడు? ఆ గడి ఒకటి పెడితే వాగు గట్టుకు పోయే ట్రాక్టరు దానంతట అదే వెనక్కి తిరుగుతుంది.

అందుకని నా మనవి. మీ ఊరికి రోడ్డు మంజూరైందని తెలిసినప్పుడు సర్పంచి గారినీ, పంచాయతీరాజ్ లేదా ఆర్ అండ్ బీ ఏఈ గారినీ పని మొదలు కాకముందే కలవండి. పాత తారు ఎన్ని టన్నులు వస్తుంది, దాన్ని ఎక్కడ వాడుతున్నారు, అంచనాలో దానికి ఎంత విలువ కట్టారు, ఈ మూడూ అడగండి. నోటి మాటతో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అంచనా నకలుకు దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు మించదు.